తిప్పకు

ఆ బోటుని మొదటిసారి చూసినప్పుడు, "దీన్ని బాగుచేయడం కంటే తగలబెట్టడం సులువు డాక్టర్‌గారూ" అన్నాను. నా నోరు అలాంటిది. ఏదనిపిస్తే అది మొహం మీదే అనేస్తాను. నాతో పని చేయించుకునేవాళ్ళు ముందు తిట్లు తిని, తర్వాత పని చేయించుకుంటారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఇంతవరకూ ఎవరూ పారిపోలేదు.

డాక్టరంటే పళ్ళ డాక్టరు. రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆయనకి నీళ్ళ పిచ్చి పట్టింది. ఎవరి గోదాము వెనకో ఏడేళ్ళుగా టార్పాలిన్ కప్పుకుని పడున్న ముప్పై రెండడుగుల క్యాబిన్ బోటుని కొనుక్కొచ్చి మా యార్డులో దించాడు. ముందువైపు ఇద్దరు పడుకునే చిన్న గది. మధ్యలో హాలు, అందులో సోఫాలు, మడత బల్ల, ఒక మూల వంట గట్టు. ఆ నేల కింద పక్కపక్కనే రెండు పాత పెట్రోలు ఇంజన్లు. ఒకప్పుడు దర్జాగా తిరిగిన బోటే. ఇప్పుడు కిటికీల చుట్టూ రబ్బరు ఎండి పొడిపొడిగా రాలుతోంది, పరుపులు తీస్తే నల్లటి బూజు, నేల మీద కాలేస్తే మెత్తగా దిగబడుతోంది. ఇంజన్లయితే తుప్పు ముద్దలు. వాటిని పీకేసి రెండు కొత్త డీజిల్ ఇంజన్లు దించాలి, కుళ్ళిన చెక్కంతా మార్చాలి. ఇంజన్లు నా వంతు. చెక్కపని మా బావమరిది వంతు.

వాణ్ణి అందరూ రేడియో అంటారు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే మా ఆవిడే పెంచింది. నేను పెళ్ళి చేసుకున్నప్పుడు పెళ్ళాంతో పాటు వాడూ మా ఇంటికొచ్చాడు, పన్నెండేళ్ళ వాగుడుకాయ. ఇప్పుడు సొంతంగా వడ్రంగి షెడ్డు ఉంది, కింద ఇద్దరు పనివాళ్ళున్నారు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. "నేను మాట్లాడేది వినడానికి ఒక్క మనిషి చాలదు బావా" అనేవాడు. చిత్రిక పడుతూ మాట్లాడతాడు, రంపం కోస్తూ మాట్లాడతాడు, మేకులు నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడతాడు. పాత ఇంజన్లు బయటికి తీయడానికి హాలు నేల కోసిన రోజున డాక్టరు మొహం పాలిపోయింది. అప్పుడు వీడు, "భయపడకండి డాక్టర్‌గారూ! మీరు పన్ను పీకాలంటే ముందు సూది మందిస్తారు కదా. మా బావ ఇంజన్ పీకాలంటే ఓనర్‌కి ఇవ్వాలి, అంతే" అన్నాడు. యార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వాను గానీ, వాడేమన్నాడో నాకు తెలీదు. సాయంత్రం ఇంటికెళ్ళాక, తమ్ముడి దగ్గర విన్నానంటూ మా ఆవిడ చెబితే తెలిసింది.

అసలు సంగతి చెప్పేస్తాను. నాకు వినపడదు. పూర్తిగా కాదు. లారీ హారన్ వినపడుతుంది, ఇంజన్ అడుగున ఉండే గరగర వినపడుతుంది. సన్న శబ్దాలే పోయాయి. మాటల్లో కొన్ని అక్షరాలు ఎక్కడికో ఎగిరిపోతాయి, మిగిలినవాటిని పట్టుకుని నేను లెక్కగట్టుకోవాలి. మూడేళ్ళ కిందట మొదలైంది. ఇంజన్ పనివాడికి ఇంతకంటే దరిద్రం ఇంకోటి లేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ వాల్వు పట్టుతప్పిందో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరే నా కూడు. అది పోయిందని ఎలా చెప్పను?

మా ఆవిడ కనిపెట్టింది. "ఏమండీ, ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకుందాం" అంది. కంచం విసిరికొట్టినంత పని చేశాను. "చెవుడు నీకూ, నీ పుట్టింటివాళ్ళకీనూ" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అప్పట్నుంచి నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి, మొహంలోకి చూస్తూ మాట్లాడేది. నలుగురిలో ఎవరన్నా నన్ను పిలిస్తే మెల్లిగా మోచెయ్యి ముట్టుకునేది. ఎవరూ నేర్పకుండా అవన్నీ తనే నేర్చుకుంది. మిగతా అవస్థ నేను పడ్డాను. నలుగురు నవ్వితే నవ్వేవాణ్ణి. అర్థంకానిదానికి కసురుకునేవాణ్ణి. ముక్కు మీద కోపమని ఎలాగూ పేరుంది కాబట్టి రెండోసారి నన్ను అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నా కోపం నాకు అలా కలిసొచ్చింది.

నాలుగు నెలలు పనిచేశాం. పాత ఇంజన్లని చైన్ బ్లాక్‌తో పైకి లాగి దించేశాక, వాటి కింద దిమ్మల్లా ఉండే చెక్క దూలాలు బయటపడ్డాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. రేడియో ఆ కుళ్ళంతా ఉలితో చెక్కి, బకెట్ల కొద్దీ తీసి పారేశాడు. కొత్త దూలాలు కోసి, పాత ఒంపుకి సరిపోయేలా చిత్రిక పట్టి, జిగురు పూసి బిగించాడు. చెక్క నునుపు చూడటానికి వాడు కొలబద్ద వాడడు. కళ్ళు మూసుకుని కుడిచేతి చూపుడువేలూ నడివేలూ మెల్లిగా జరుపుకుంటూ పోతాడు. "ఇక్కడ వెంట్రుకంత ఎత్తుంది బావా" అంటాడు. నేను గేజ్ పెట్టి చూస్తే నిజంగానే వెంట్రుకంత ఉంటుంది. ఒళ్ళు మండేది నాకు, ఒక్కసారన్నా వీడు తప్పు చెప్పడేమిటా అని.

ఆ దూలాల మీదే నా ఇంజన్లు కూర్చున్నాయి. నీళ్ళలో రెక్కల్ని తిప్పే షాఫ్టుతో ఇంజన్ ఒకే గీతలో నిలబడాలి, లేకపోతే బోటంతా వణుకుతుంది. ఒక బోల్టు అరచుట్టు తిప్పితే రెండో పక్క తేడా వస్తుంది. రెండు వారాలు అక్కడే కుస్తీ పట్టాను. ఆ రెండు వారాల్లో రేడియో వంటగట్టుకి కొత్త అరలు చేశాడు, ముందు గదికి తలుపు చేశాడు, హాలు నేల సగం వేశాడు. వాడి కబుర్లలో నాకు పది మాటలకి నాలుగు అందేవి. ఆ నాలుగింటితోనే రోజు సరదాగా గడిచిపోయేది. వాడు లేకపోతే ఆ బోటులో నాకు ఊపిరాడేది కాదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

డీజిల్ ఇంజన్ కొత్తగా బిగించాక పైపుల్లో గాలి ఉంటుంది. ఆ గాలి పోతేగానీ ఇంజన్ అందుకోదు. ఒకడు ఇంజన్ దగ్గర కూర్చుని డీజిల్ నూనె పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేయాలి. ఇంకొకడు పైన స్టీరింగు దగ్గర తాళంచెవి పట్టుకుని కూర్చోవాలి. కిందవాడు "తిప్పు" అంటే పైవాడు తాళం తిప్పుతాడు. ఇంజన్ నాలుగు చుట్లు తిరిగి నూనెతో పాటు గాలి బుడగలు కక్కుతుంది. "ఆగు" అంటే ఆగాలి. నట్టు బిగించి ఇంకో పైపు.

నాకు ఇంజన్ పని నేర్పిన గురువుగారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. ఇంజన్ దగ్గర "తిప్పు" అనాలి, "ఆగు" అనాలి. "తిప్పకు" అన్న మాట చచ్చినా నోట రాకూడదు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క "కు". మోతలో ఆ ఒక్క అక్షరం పోయిందా, వద్దన్న పనే జరిగిపోతుంది. ఈ పని తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. రేడియో వడ్రంగి. వాడికెలా తెలుస్తుంది? పని మొదలుపెట్టే ముందు నేను చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నేను మాట్లాడాలంటే ముందు వాడి వాగుడు ఆపడమే ఒక పని, మళ్ళీ వాడు ఏదో అడుగుతాడు, అది నాకు వినపడదు.

ఎడమ ఇంజన్ పని నేనే కింద కూర్చుని చేశాను, తాళం దగ్గర వాడు. ఏ గొడవా లేదు. కుడి ఇంజన్‌కీ నూనె ట్యాంకుకీ మధ్య సందు మరీ ఇరుకు. నా పొట్ట పట్టలేదు. "తిండి తగ్గించు బావా, లేదంటే ఈ బోటు నీ పక్కకే ఒరుగుతుంది" అని నవ్వుతూ వాడు దిగాడు. ఇది మాత్రం మొహం చూస్తూ అన్నాడు కాబట్టి అర్థమైంది. నేను పైకెళ్ళి కూర్చున్నాను. స్టీరింగు ముందుకి చూస్తుంది కదా, వాడికి నా వీపు. మొదటి రెండుసార్లు మెడ తిప్పి చూస్తూ తాళం తిప్పాను. మూడోసారికి మెడ పట్టేసింది. వాడు "తిప్పు" అంటాడు, కొంచెం ఆగి "ఆగు" అంటాడు, నట్టు బిగించడానికి ఒక నిమిషం, మళ్ళీ "తిప్పు". వరస తెలిసిపోయింది కదా, ఇంక చూసేదేముందని ముందుకి తిరిగి కూర్చున్నాను.

కింద నుంచి వాడి గొంతు వచ్చింది. "తిప్" అన్నంతవరకూ తెలిసింది, చివర్లో "బావా" తెలిసింది. తాళం తిప్పాను.

తర్వాత వచ్చిన అరుపు మాత్రం మొత్తం వినపడింది.

నూనె చేతుల్లోంచి పానా జారి ఇంజన్ ముందువైపు బెల్టు వెనక పడిందట. బెల్టు మీద మూత ఇంకా బిగించలేదు, అన్నీ అయ్యాక ఆఖర్న బిగిద్దామనుకున్నాం. వాడు జాగ్రత్త గల మనిషి. ముందు నాకు చెప్పి, అప్పుడే చెయ్యి పెట్టాడు. పుల్లీకీ బెల్టుకీ మధ్య కుడిచేతి చూపుడువేలూ నడివేలూ పోయాయి. నేను వాణ్ణి ఎలా పైకి లాగానో, సంచీ గుడ్డ ఎలా చుట్టానో నాకు గుర్తులేదు. వాడు అంతసేపూ ఒకటే మాట అంటున్నాడు, నాకు అర్థం కాలేదు. పెదాలు వణికిపోతుంటే ఏం చదువుతాను.

ఆస్పత్రిలో కట్టు కట్టాక యార్డు మేనేజరు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఎలా జరిగిందో రాసుకోవాలన్నాడు. మంచానికి ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క నేనూ మా ఆవిడా. ఆమె ఒక చేత్తో తమ్ముడి తల నిమురుతోంది, ఇంకో చెయ్యి నా మోచేతి మీద ఉంది. రేడియో నా వైపు తిరిగి అడిగాడు. "తిప్పకు బావా, పానా పడింది అన్నాను. అన్నాను కదా?"

అందరూ నా మొహం చూశారు. అవునంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి నువ్వెందుకు తిప్పావు?

"తిప్పు అన్నావురా. నేను స్పష్టంగా విన్నాను" అన్నాను.

వాడు పైకప్పు వంక చూశాడు. "అయితే 'కు' నోట్లోనే మింగేశానేమో" అన్నాడు. మేనేజరు రాసుకున్నాడు. మా ఆవిడ నా మోచేతి మీద నుంచి చెయ్యి తీసేసింది.

రెండు వేళ్ళు పోతే పోయాయి, మిగిలిన మూడింటితో ఉలి పట్టుకోవచ్చు, అలవాటవుతుంది అన్నారు డాక్టర్లు. వాడు దానికి పెద్దగా బాధపడలేదు. వాడి బాధ వేరే. నెలరోజులకి చూడటానికి వెళితే షెడ్డులో రంపం మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. పనివాళ్ళని వేరే చోట చూసుకోమన్నాడట. "అదేంట్రా, చెయ్యి మానాక నీకే పనికొస్తారు కదా" అన్నాను. వాడు నా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా ముందు నోట్లోనే సరిచూసుకుని బయటికి వదిలాడు. "నా నోటి మీద నాకే నమ్మకం పోయింది బావా. రేపు మిషన్ దగ్గర నేను ఆపమనబోయి ఇంకేదో అంటే? వాళ్ళకీ వేళ్ళున్నాయి కదా." టీ తెచ్చిన మనిషితో "చక్కెర వద్దు" అన్నాడు. అతను వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచి, "వద్దనే అన్నాను కదా?" అని అడిగాడు. అతను అవునన్నాక కూడా నా వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. టీ తాగకుండానే వచ్చేశాను.

అంత వాగే మనిషి, రేడియో అని పేరు పెట్టించుకున్న మనిషి, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, కావలసినవి ఎడమచేత్తో వంకరటింకరగా రాసి దుకాణంలో చూపిస్తున్నాడని తర్వాత తెలిసింది. ఒక్క మాట చెబితే చాలు, ఆ మనిషి మళ్ళీ మనిషవుతాడు. ఆ మాట నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. సాయంత్రానికి రేపు చూద్దాం అనుకునేవాణ్ణి. చెబితే నా పని పోతుంది, నా పేరు పోతుంది, వాడు నా మొహం మీద ఉమ్మేస్తాడు. చెప్పకపోతే ఏం పోతుంది? వాడు పోతున్నాడు, అంతే కదా. అంత నీచంగా ఆలోచించాను, దాచడమెందుకు.

ఇంట్లో నా చెవులు ఇంకా పాడైపోయినట్టు అనిపించింది. ఇంతకుముందు మా ఆవిడ మాటల్లో సగమన్నా తెలిసేవి, ఇప్పుడు అసలేమీ తెలియడం లేదు. పెట్టిన భోజనం తింటున్నాను, ఉతికిన బట్టలు వేసుకుంటున్నాను, చెవిలో మాత్రం నిశ్శబ్దం. ఒకరోజు విసుగొచ్చి అరిచాను. "కాస్త నోరు తెరిచి ఏడువు! ఏమంటున్నావో తెలిసి చావడం లేదు!" ఆమె గిన్నె కిందపెట్టి, నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు బిగించి ఉన్నాయి. అలాగే చూస్తూ నిలబడింది. అప్పుడు బుర్రకెక్కింది. చెవులు కాదు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ మానేసిందో, మధ్యలో మానేసిందో కూడా నాకు తెలీదు. ఎన్ని రోజులని అడగడానికి మొహం చెల్లలేదు.

బోటు పని ఎలాగోలా ముగించాను. ఇంకొకరు అక్కర్లేకుండా తాళానికి పొడుగాటి తీగ లాగి, చేతిలో మీట పెట్టుకుని, గాలి నేనే తీశాను. అలా మొదటే చేసి ఉండొచ్చు. అరగంట పని. రేడియో వేయగా మిగిలిన సగం నేలకి ప్లైవుడ్ ముక్కలు పరిచాను, వాడు చేసిన అరల తలుపులకి కొన్నింటికి ఇంకా పిడులు లేవు. బోటుని నీళ్ళలో దించి, డాక్టరూ నేనూ ఎక్కి రెండు ఇంజన్లూ వేశాం. పాదాల కింద నేల సన్నగా అదురుతోంది, మంచి అదురే. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, తల పంకించి, "పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి డాక్టర్‌గారూ, వంక పెట్టడానికి లేదు" అన్నాను.

డాక్టరు నన్నే చూస్తున్నాడు. ఇంజన్లు ఆపమని చేత్తో సైగ చేశాడు. ఆపాను. ఆయన నా ముందుకొచ్చి కూర్చున్నాడు. "కీచుమని కూస్తోంది. చెవులు చిల్లులు పడేలా. ఇందాకట్నుంచీ" అన్నాడు. బెల్టు వదులైతే అలా కూస్తుంది. పని నేర్చుకునేవాడు కూడా గుమ్మంలోంచే పట్టేస్తాడు. "మీకు వినపడటం లేదు కదూ?"

"పళ్ళు పీకే మీకు నా చెవుల గొడవెందుకండీ!" అని లేచాను. ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"మొన్న మీ బావమరిది నా క్లినిక్‌కి వచ్చాడు" అన్నాడు. "పంటి నొప్పేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని నోరు తెరిచి, నాలుక చూడమన్నాడు. నాలుక సరిగ్గా తిరుగుతోందో లేదో చూడండి డాక్టర్‌గారూ, ఒక అక్షరం మింగేస్తోంది, కోసి బాగుచేసే వీలుంటే కోసేయండి అన్నాడు. నాలుక శుభ్రంగా ఉందయ్యా అంటే నమ్మలేదు. ఇంకోసారి చూడమన్నాడు." ఆయన ఆగి, మెల్లిగా అడిగాడు. "ఆ రోజు కూడా మీకు వినపడలేదా?"

నాలుక కోయమన్నాడట. నా చెవి తప్పుకి వాడు నాలుక కోయించుకుంటానన్నాడు. అక్కడే ఆ సగం నేల మీద కూలబడి ఏడ్చాను. ముసలి వెధవని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే ఇంటికెళ్ళి, "నీ తమ్ముడికి చెప్పేస్తాను. పద" అన్నాను. మా ఆవిడ ఏం చెబుతారని అడగలేదు. చెప్పులేసుకుని బయల్దేరింది. దారంతా నా వెనకే రెండడుగుల దూరంలో నడిచింది.

రేడియో షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక చెక్కముక్కని ఎడమచేత్తో తడుముతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. కూర్చోమని, నేను వాడి ముందు నేల మీదే కూర్చున్నాను, రంపపు పొట్టులో. మా ఆవిడ నా వెనక గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఒరేయ్, నువ్వు తిప్పకు అనే అన్నావు" అన్నాను.

వాడు అర్థం కానట్టు చూశాడు.

"నాకు వినపడదురా. మూడేళ్ళుగా వినపడదు. ఆ రోజు నాకు సగమే వినపడింది, మిగతా సగం నేనే కల్పించుకున్నాను. ఆస్పత్రిలో అబద్ధం చెప్పాను. నీ నోట్లో ఏ తప్పూ లేదు. నా చెవి చేసిన పని. నేను చేసిన పని."

వాడి పెదాలు కదిలాయి. "తిప్పకు" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "తిప్పకు. తిప్పకు." ఒక్కొక్కసారీ "కు" దగ్గర ఆగి, అది ఉందో లేదో చూసుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత నవ్వాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వాడు. "అయితే నా నోరు బాగానే ఉంది బావా! నేను సరిగ్గానే అన్నాను! పిచ్చెక్కిపోయింది తెలుసా బావా నాకు..." ఎడమచేత్తో నా భుజం పట్టుకుని ఊపేశాడు. గుండెల మీద బండ దించినట్టయింది నాకు. సిగ్గులేని మనిషిని, అప్పుడే నన్ను క్షమించేశాడనుకున్నాను.

వాడి నవ్వు మెల్లిగా తగ్గింది. చెయ్యి నా భుజం మీదే ఉంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నా వంక చూశాడు.

"నీకు వినపడదని అక్కకి తెలుసా?"

"తెలీదు" అన్నాను. చటుక్కున అనేశాను. నా కోసం ఎన్నో అబద్ధాలు ఆడాను. ఈ ఒక్కటి నా కోసం కాదు. వాడికి ఈ లోకంలో ఉన్నది అక్క ఒక్కతే, ఆమె కూడా నా వల్ల వాడికి దూరం కాకూడదనుకున్నాను.

వాడు నన్ను చూడటం లేదు. నా తల మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. చూస్తుండగానే వాడి మొహంలో రక్తం ఇంకిపోయింది. నేను వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఆమె పెదాలు చదవడం నాకు మూడేళ్ళ అలవాటు. "మొదట్నుంచీ తెలుసురా" అంటోంది. "ఆ రోజు ఆస్పత్రిలోనూ తెలుసు. మీ బావ పరువు పోతుందని నోరు మూసుకున్నాను."

ఆమె ముందుకొచ్చి వాడి కుడిచెయ్యి పట్టుకోబోయింది. వాడు ఆ చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నా భుజం మీదున్న చెయ్యి కూడా తీసేశాడు. తర్వాత వాడు నా మొహానికి ఎదురుగా వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాట్లాడతారే, అలా ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, మర్యాదగా చెప్పాడు.

"మీరు వెళ్ళండి బావగారూ. మీ ఆవిణ్ణి తీసుకుని వెళ్ళండి."